నాయన చూసొచ్చిన బండి

బండి వింత శబ్దం చేస్తే ఏ బుష్ అరిగిందో, ఏ బేరింగు పోయిందో వెతికే మనిషిని నేను. దెయ్యం అనే మాట ఎవరైనా ఎత్తితే నవ్వి పంపించేవాడిని. మాది ప్రొద్దుటూరు. ముత్తాత కాలం నుంచి చర్చికి పోయే కుటుంబం. నిమ్మకాయలు, తాయెత్తులు మా గడప తొక్కలేదు. పెళ్లిళ్లకు కార్లు అద్దెకిచ్చి బతుకుతున్నాను కాబట్టి ఇలాంటిది బయట చెప్పుకుంటే నష్టం నాకే. అయినా రాస్తున్నాను. ఇంట్లో ఎవరితోనూ దీని గురించి మాట్లాడలేకపోతున్నాను.

మా నాయన యాకోబు పులివెందుల దిక్కున, సింహాద్రిపురం దాటినాక ఒక పల్లెలో, ఒక పెద్దాయన దగ్గర డ్రైవరు. ఆ పెద్దాయన పేరు చెప్పను. చీనీకాయల తోటలు, వెంట మనుషులు, పాత పగలు, అన్నీ ఉన్న మనిషి. జీపుల కాలం నుంచీ నాయన ఆయన దగ్గరే ఉన్నాడు. చివరి రోజుల్లో ఆయనకు మోజు పుట్టి ఒక లిమోజిన్ కొన్నాడు. నల్లటి విదేశీ బండి. మామూలు కారుకన్నా బాగా పొడుగు. డ్రైవరుకూ వెనక సీటుకూ నడుమ అద్దం. పల్లె మలుపుల్లో దాన్ని తిప్పడానికి తాను పడే అవస్థ నాయన చెబుతుంటే మేము పడీ పడీ నవ్వేవాళ్లం.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. పెద్దాయన బయలుదేరే ముందు నాయన ఒక్కడే పోయి బండి స్టార్టు చెయ్యాలి. మిగతా అందరూ కాంపౌండు గోడ దగ్గర నిలబడాలి. నాయన దాన్ని తోట గేటు దాకా తోలి, బ్రేకు వేసి చూసి, తిప్పుకొని వచ్చి, రెండుసార్లు పొట్టిగా హారన్ కొట్టేవాడు. అంటే ‘అంతా బాగుంది, రండి’ అని. దాన్ని బండి చూసి రావడం అనేవాళ్లు. హారన్ పడేదాకా గోడ దగ్గర్నుంచి ఎవరూ కదిలేవాళ్లు కాదు.

చిన్నప్పుడు, ఇంకా జీపులున్న రోజుల్లో, ఎండాకాలం సెలవులకు పోయినప్పుడు నేనూ ఆ గోడ దగ్గర నిలబడ్డాను. నాయన ఎడమ అరచేత్తో గాలిని నెట్టినట్టుగా అందర్నీ వెనక్కి పంపేవాడు. అంతమంది మా నాయన చెయ్యి ఊపితే వెనక్కి జరుగుతున్నారని ఛాతీ ఉప్పొంగిపోయేది. బండి కింద ఎవరైనా బాంబు పెట్టి ఉంటే పెద్దాయనకు బదులు నాయన పోవాలని ఆ ఏర్పాటు. అది నాకు పెద్దయినాక గానీ అర్థం కాలేదు. మా అమ్మకు మాత్రం ముందే తెలుసు. బతికినన్నాళ్లూ రోజూ పొద్దున ఆ వేళకు మోకాళ్ల మీద ప్రార్థనలో ఉండేది.

ఏ బాంబూ పేలలేదు. పెద్దాయన గుండెపోటుతో ఆసుపత్రి మంచం మీద పోయాడు. నాయన ఇంటికి వచ్చేశాడు. కొంత కాలానికి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట కూడా పోయింది. ఎడమ చెయ్యి ఒక్కటే ఆయన చెప్పినట్టు వినేది.

పెద్దాయన కొడుకులు బెంగళూరులో ఉంటారు. షెడ్డులో పడి ఉన్న లిమోజిన్ అమ్మేస్తున్నారని తెలిసి నేను పోయి కొన్నాను. వ్యాపారానికి పనికొస్తుందని పైకి చెప్పాను. అసలు సంగతి వేరు. మా అమ్మాయి గ్రేస్‌కు పెళ్లి కుదిరింది, జమ్మలమడుగు చర్చిలో. ఆ కారు వెనక సీట్లో మా ఇంటి మనిషి ఏనాడూ కూర్చోలేదు. నాయన దాన్ని తుడిచాడు, తోలాడు, ప్రాణం అడ్డం పెట్టి చూసొచ్చాడు. ఇప్పుడు నా బిడ్డ అందులో కూర్చొని చర్చికి పోవాలి, నాయన కళ్లారా చూడాలి. అప్పట్లో నాకు ఇంతకన్నా పెద్ద కోరిక లేదు.

బండి చూస్తే ఏడుపొచ్చింది. బానెట్ మీద కోళ్లు కాపురం పెట్టాయి. వైరింగంతా ఎలుకలు తినేశాయి. గాలి సస్పెన్షన్ దిగిపోయి పొట్ట నేలకు ఆనుకొని ఉంది. ట్యాంకులో పెట్రోలు బంకలాగా అయిపోయింది. ట్రాలీ మీద ప్రొద్దుటూరుకు తెచ్చి మా మెకానిక్ మస్తాన్‌కు అప్పగించాను.

“అన్నా, ఇది రిపేరు కాదు, మల్లా పుట్టించడమే. ఇంత సొగసైన బండిని కోళ్లకు ఇడిసిపెట్టినారే, వాళ్లకు మనసెట్లా వచ్చిందన్నా?” అన్నాడు మస్తాన్.

నెలల తరబడి పట్టింది. ట్యాంకు కడిగాడు, వైరింగు కొత్తది లాగాడు, బ్రేకులు నాలుగూ విప్పి బాగు చేశాడు. పాత హారన్లు తుప్పు పట్టి పనికిరాకుండా పోతే విప్పి తన షెడ్డులో బల్ల మీద పడేశాడు. కొత్తవి తర్వాత బిగిస్తానన్నాడు. ఈ హారన్ల సంగతి గుర్తుంచుకోండి.

బండి నడకకు వచ్చినాక ఇంటికి తెచ్చి పక్కనున్న రేకుల షెడ్డులో పెట్టాను. చక్రాల కుర్చీలో నాయనను తీసుకొచ్చి చూపించాము. ఆయన ఎడమ చెయ్యి లేచింది. అరచెయ్యి ముందుకు చాపి, రెండు మూడుసార్లు ఊపాడు. తాతకు ఎంత సంతోషమో అని గ్రేస్ ఆయన మెడ చుట్టూ చేతులేసి ఏడ్చింది. నేనూ సంతోషమే అనుకున్నాను.

ఆ మరుసటి పొద్దున మా ఆవిడ సుగుణ, “ఇంత పొద్దున్నే హారన్ ఎందుకు కొడితివి?” అనింది. నేను అప్పుడే మంచం దిగుతున్నాను. బైపాసులో ఏ లారీవాడో కొట్టి ఉంటాడన్నాను. రెండు రోజులు పోయినాక ఎదురింటి శర్మగారు గేటు దగ్గరికి వచ్చాడు. ఆయన తహసీల్దారు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, పూజ దగ్గర కూర్చుంటే చీమ చిటుక్కుమన్నా సహించడు.

“ఏమప్పా డేవిడూ, కొత్త బండి తెచ్చినావు, శానా సంతోషం. దినామూ నేను సంధ్యవార్చే యాళకే నువ్వు హారన్ కొట్టల్నా? రెండేసిసార్లు కొడ్తాండావు, ఏంది కథ?”

ఆయన ‘రెండేసిసార్లు’ అన్న తర్వాతే నాకు లోపల ఏదో కదిలింది. బానెట్ ఎత్తి చూశాను. హారన్ వైర్ల కొసలకు మస్తాన్ చుట్టిన టేపు అట్లే ఉంది. వాడి షెడ్డుకు పోయి చూస్తే పాత హారన్లు దుమ్ము పట్టి బల్ల మీదే ఉన్నాయి.

మరుసటి రోజు చీకటితోనే లేచి కారు పక్కన నిలబడ్డాను. వీధి తెల్లబడుతుండగా హారన్ మోగింది. పొట్టిగా, రెండుసార్లు. బొంగురు గొంతు, నాయనను చూడటానికి పోయినప్పుడు ఆ ఇంట్లో విన్నదే. లారీ కాదు, పక్కింటి బండి కాదు, నా ముందునుంచే వచ్చింది. బానెట్ మీద పెట్టిన నా చేతికి మాత్రం ఏ అదురూ తెలియలేదు. ఇంట్లోకి పరుగెత్తాను.

నాయన మేలుకొని ఉన్నాడు. కళ్లు వాకిలి వైపు ఉన్నాయి. నన్ను చూసి, నెమ్మదిగా కళ్లు మూసుకొని నిద్రపోయాడు. పని ముగించుకొని వచ్చిన మనిషి పడుకున్నట్టు ఉంది. నాకు ఎక్కువ భయమేసింది అక్కడే. హారన్ నాయనది. నాయనేమో నా కళ్ల ముందు, పక్క మీద ఒత్తిగిలడానికి కూడా చేతకాక ఉన్నాడు.

ఎవరికీ చెప్పలేదు. పెళ్లి ఇల్లు, చుట్టాలు దిగుతున్నారు. పాస్టరుగారికి చెబితే ప్రార్థన పెడతాడు, దాంతో ఊరంతా తెలుస్తుంది. పెళ్లికి కాస్త ముందు మస్తాన్ కొత్త హారన్ బిగించాడు. అది పీచుగొంతుది. అయినా పొద్దున వినిపించేది పాత బొంగురు గొంతే. రానురాను దానికీ అలవాటు పడ్డాను. మనిషి దేనికైనా అలవాటు పడతాడని నా మీద నాకే అసహ్యమేసింది.

పెళ్లి రోజు పొద్దున ఇల్లంతా గోల. వంటవాళ్లు, పూలవాళ్లు, స్నానాలకు తొందర. నల్ల కారు మీద తెల్ల పూల దండలు వేసి వాకిట్లోకి తెచ్చి నిలబెట్టాను. షెడ్డు నుంచి వాకిట్లోకి నాలుగడుగులే. పాస్టరుగారు ప్రార్థన చేశాడు. గ్రేస్ తెల్ల పట్టుచీరలో, తల మీద ముసుగుతో బయటికి వచ్చి, తాత దీవెన కోసం కుర్చీ ముందు వంగింది.

నాయన ఆమె చీర కొంగు పట్టుకున్నాడు. వదలలేదు. ఎడమ చేతి వేళ్లు బిగుసుకుపోయాయి. గొంతులోంచి ఒక మూలుగు వస్తోంది. చుట్టాలంతా కళ్లు తుడుచుకున్నారు. మనవరాలిని పంపడానికి ముసలాయనకు మనసు రాలేదన్నారు. నాకేమో చీర నలిగిపోతోందని, చర్చికి ఆలస్యమవుతోందని చిరాకు. వంగి ఒక్కొక్క వేలూ విడదీశాను.

విడదీయగానే ఆ చెయ్యి పైకి లేచింది. అరచెయ్యి గాలిని నెట్టింది. ఆయన చూపు గ్రేస్ మీద లేదు, కారు మీద ఉంది. అప్పుడు నాకు ఆ గోడ గుర్తొచ్చింది. కారు చూపించిన రోజు కూడా ఆయన చేసింది ఇదే. సంతోషం కాదు అది. వెనక్కి పోండి, ముందు నేను చూసి రావాలి అంటున్నాడు. అప్పట్లో ఆయన రోజూ చెప్పిన మాటనే మేము ముద్దు అనుకున్నాము.

సుగుణ వైపు తిరిగి, “పొద్దున హారన్ విన్యావా?” అని అడిగాను.

నాకు చెప్పకపోయినా ఆమె కూడా రోజూ వింటూనే ఉంది. “లేదు. ఈ పొద్దు రాల్యా” అనింది.

గోలలో వినపడలేదేమో అనుకోవాలని చూశాను. శర్మగారు అక్కడే ఉన్నాడు. అడిగితే ఆయన కూడా, “లేదప్పా. పెండ్లి పనుల్లో మర్సిపోయినావనుకుంటి” అన్నాడు.

అందరూ గోడ దగ్గరికి పోండి అన్నాను. నవ్వారు. గట్టిగా అరిచాను. కూతురి పెళ్లి రోజు తండ్రి అట్లా అరిస్తే ఎవరికైనా బాధే, గ్రేస్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా పోయారు. నేను ఒక్కడినే ఎక్కి కూర్చున్నాను. తాళం తిప్పే ముందు చెయ్యి ఆగింది. బాంబు ఉండదని నాకు తెలుసు. అయినా ఆగింది. మా నాయన జీపుల కాలం నుంచీ ప్రతి పొద్దునా ఇట్లా ఒక్కడే కూర్చొని, గోడ దగ్గర నిలబడిన నన్ను చూసి నవ్వి, తాళం తిప్పాడు. అప్పుడు నేను చప్పట్లు కొట్టాను.

వీధి చివర నీళ్ల ట్యాంకు దాకా పోయి తిప్పుకొని వస్తూ, పల్లంలో బ్రేకు గట్టిగా తొక్కాను. ఏదో తెగినట్టయి పెడల్ నేల దాకా పోయింది. మళ్లీ తొక్కాను, ఏమీ లేదు. అంత బరువు బండి దొర్లుకుంటూ పోతోంది. కొత్త ఇల్లు కడుతున్నవాళ్ల ఇసుక కుప్పలోకి తిప్పాను. బంపరు దాకా దిగబడి ఆగింది. పూలదండలు ఇసుకలో కలిసిపోయాయి.

జమ్మలమడుగు రోడ్డులో పొద్దుగూకులూ సిమెంటు లారీలు తిరుగుతుంటాయి. ఆ వేగంలో, ఆ లారీల వెనక, నా బిడ్డను కూర్చోబెట్టుకొని నేను ఆ పెడల్ తొక్కి ఉంటే?

గ్రేస్ శర్మగారి చిన్న కారులో చర్చికి పోయింది. ముందర అద్దం దగ్గర వినాయకుడు ఊగుతుండగా తెల్ల ముసుగు పెళ్లికూతురు దిగితే అందరూ నవ్వారు. పెళ్లి చక్కగా జరిగింది. మస్తాన్ ఆ సాయంత్రమే బండి కింద దూరి ఒక బ్రేకు పైపు చీలిపోయిందని చూపించాడు.

“నిన్న పొద్దుగూకినాక కూడా చేత్తో తడిమి చూసినా అన్నా. బాగుండాది. నా బిడ్డల మీద ఒట్టు” అన్నాడు. వాడు అబద్ధం చెప్పే మనిషి కాదు. రబ్బరు పైపు లోపల కుళ్లి పైకి బాగా కనిపించడం జరుగుతుంది. దానికి కారణం చెప్పగలను. ఆ ఒక్క పొద్దునే హారన్ ఎందుకు రాలేదో చెప్పలేను.

బండి బాగయినాక నాయనను వెనక సీట్లో కూర్చోబెట్టి జమ్మలమడుగు దాకా తిప్పాను. దొర మాదిరి ఆనుకొని కూర్చుంటాడనుకున్నాను. ఆనుకోలేదు. దారి పొడుగునా ముందుకు వంగి, అద్దంలోంచి నా చేతుల వైపే చూశాడు. ఆ తర్వాత వచ్చిన ఎండాకాలంలో నిద్రలోనే పోయాడు. అమ్మ పక్కనే సమాధి చేశాము.

బండిని అమ్మలేదు. అద్దెకు పంపే ప్రతిసారీ ముందు నేను ఒక్కడినే నీళ్ల ట్యాంకు దాకా పోయి చూసొస్తాను. మా డ్రైవర్లకు ఇది పిచ్చిగా ఉంటుంది. వాళ్లకు కారణం చెప్పలేదు. బొంగురు హారన్ మళ్లీ ఎప్పుడూ వినపడలేదు.

కానీ కొన్ని పొద్దున్లు, ఎండ రాకముందే షెడ్డు తలుపు తీసి బానెట్ మీద చెయ్యి పెడితే అప్పుడే ఎవరో తోలి ఆపినట్టు వెచ్చగా ఉంటుంది. రాత్రంతా తాళం నా తలగడ పక్కనే ఉంటుంది. మస్తాన్ వైరింగు మొత్తం వెతికాడు, ఏమీ దొరకలేదు. మొదట్లో భయపడేవాడిని. ఇప్పుడు భయం లేదు, బాధ ఉంది. బతికినంత కాలం ఇంకొకరి ప్రాణం కోసం ఆ సీట్లో ఒంటరిగా కూర్చున్న మనిషి, పోయినాక కూడా కూర్చోవాలా?

అట్లాంటి పొద్దున్లలో బానెట్ మీద చెయ్యి అట్లే ఉంచి, “నాయనా, ఇంక నేను చూసుకుంటా. నువ్వు దిగు” అని చెబుతాను.

మొన్న కూడా చెప్పాను. ఈ పొద్దున మళ్లీ వెచ్చగానే ఉంది.