పిన్నికి పుట్టని తమ్ముడు

మా అమ్మ వాళ్ళు ఇద్దరే అక్కచెల్లెళ్ళు. మగపిల్లలు లేరు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా దీవుల్లో హోప్ టౌన్ జెట్టీ నుంచి ప్రోతరాపూర్ బస్సు దాకా మమ్మల్ని ఎరిగినవాళ్ళలో సగం మంది మా పిన్నికి ఒక తమ్ముడున్నాడని నమ్మేశారు. నమ్మించింది మేమే.

సునామీ వచ్చినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. హోప్ టౌన్‌లో పిన్ని వాళ్ళ ఇంట్లోకి నీళ్ళొచ్చి, వాళ్ళు కొన్నాళ్ళు ప్రోతరాపూర్‌లో మా దగ్గరే తలదాచుకున్నారు. పోయారనుకున్నవాళ్ళు దక్షిణాన ఉన్న దీవుల నుంచి ఓడ దిగి రావడం, జెట్టీలో జనం కేకలు పెట్టడం అప్పుడే విన్నాం. రానివాళ్ళ సంగతులూ విన్నాం. చాలా ఏళ్ళకు సముద్రం అడుగున కేబుల్ వేసి, మా దీవుల్లో ఇంటర్నెట్ కాస్త పరుగెత్తడం మొదలుపెట్టాక మా తమ్ముడికి వెబ్ సిరీస్ పిచ్చి పట్టింది. కథ కోసం పెద్దగా వెతుక్కోలేదు. అలల్లో పోయాడనుకున్న తమ్ముడు ఇన్నేళ్ళకు అక్క ఇంటి తలుపు కొడతాడు. నిజంగా తమ్ముడేనా, వేషగాడా? అంతే కథ.

అక్కగా పిన్ని. తమ్ముడిగా పిన్ని వాళ్ళ పక్కింటాయన. ఓడల్లో వంట చేసి రిటైరైన మనిషి, పిన్ని కన్నా బాగా పెద్ద. మామూలుగా పిన్ని ఆయన్ని "అన్నయ్యా" అంటుంది. జుట్టుకు నల్లరంగు పట్టించి ఆయన్ని గుమ్మంలో నిలబెట్టాం. పిన్ని తలుపు తీసి, కళ్ళనిండా నీళ్ళతో, "ఒరే అన్నయ్యా! బతికే ఉన్నావేటిరా!" అంది. ఆ పూట ఇంకేమీ తీయలేకపోయాం. ఎవరో ఒకరు ఆ మాట గుర్తుచేయడం, అందరం గోడలు పట్టుకుని నవ్వడం.

సినిమాలా కాదు, ఇంట్లో జరిగేది ఎవరో ఫోన్లో తీసినట్టు ఉండాలని మా తమ్ముడి పట్టుదల. నటుల పేర్లు వేయలేదు, సంగీతం పెట్టలేదు. ఫోన్ పట్టుకున్న మేనకోడల్ని నేను. "మావయ్యా, ఇటు చూడు" అంటూ వెంటపడతాను. ఆ అలవాటుతో, పాఠాలు చెప్పడానికి బడికి వెళ్తూ ఫెర్రీలో కనిపించినప్పుడు కూడా ఆయన్ని మావయ్యా అనేసేదాన్ని. ఆయనా "ఏటమ్మా కోడలా" అని పలికేవాడు.

ఇంటర్నెట్‌లో పెట్టిన రెండు మూడు ఎపిసోడ్లకే గోల మొదలైంది. జెట్టీ దగ్గర చేపలమ్మే అతను వంటాయనకు చేపలివ్వనన్నాడు. "పహలే బోలో, అస్లీ భాయ్ హో కి నక్లీ? నక్లీ ఆద్మీ కో మచ్ఛీ నహీ." అసలు తమ్ముడో నకిలీయో తేలేదాకా చేపల్లేవన్నమాట. వంటాయన ఖాళీ సంచీతో వచ్చి, "అమ్మా, నన్ను తొందరగా అసలోణ్ణి సేసేయండి, కూరకి సచ్చిపోతున్నాను" అని మొరపెట్టుకున్నాడు.

బాబాయి, అంటే పిన్ని భర్త, పనిచేసే ఆఫీసులో అందరూ ఆయన్ని పక్కకు పిలిచి సలహాలివ్వడం మొదలుపెట్టారు. "సార్, మీ బావమరిదికి ఇంట్లో వాటా మాత్రం రాసివ్వకండి." లేని బావమరిది గురించి బాబాయి ఒకరోజు నిజంగానే కోపం తెచ్చుకుని, "అతను మంచోడేనండీ!" అని వాదించి వచ్చాడట. ఆ మాట మాకు చెప్పి, చెప్పాక తనే బిత్తరపోయి కూర్చున్నాడు.

అన్నిటికన్నా మించింది మా తెలుగు చర్చిలో జరిగింది. ప్రార్థన కూడికలో ఒక పెద్దావిడ లేచి, "ప్రభువా, మా సహోదరి ఇంట చేరిన ఆ మనిషి ఎవరో బయలుపరచు" అని కన్నీళ్ళతో వేడుకుంది. ఆ మనిషి వెనక బల్ల మీదే ఉన్నాడు. అందరికన్నా గట్టిగా "ఆమేన్" అన్నాడు. పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరుగెత్తాను.

అందరికీ నిజం చెప్పేవాళ్ళం. "ఇది కథండీ, ఉత్త కథ." "అలాగే అంటారులే, పరువు కదా" అని జాలిగా తలూపేవారు.

అలా ఉండగా ఒక ఆదివారం మిన్నీ బే నుంచి ఒకావిడ పిన్ని ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పిన్ని వయసే ఉంటుంది. కూర్చోలేదు, మంచినీళ్ళు పుచ్చుకోలేదు. పర్సులోంచి ఒక ఫొటో తీసి వంటాయన చేతిలో పెట్టింది.

"భయ్యా, మా తమ్ముడు. కార్ నికోబార్ దీవిలో ఉండేవాడు. మీరు ఇన్నేళ్ళు ఎక్కడెక్కడో తిరిగారు కదా... ఎక్కడైనా కనిపించాడా?"

మా నవ్వులన్నీ ఆగిపోయాయి. వంటాయన ఫొటోను రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు. "అమ్మా, నాను ఎక్కడికీ పోలేదు. ఈ పక్కింట్లోనే ఉంటన్నాను. ఇదంతా ఆడుకుంటన్నాం" అన్నాడు.

ఆవిడ పిన్ని వంక చూసింది. పిన్ని తలూపింది. అప్పుడు ఆవిడ కూర్చుని, మంచినీళ్ళు తాగి, కాసేపటికి, "మరి చివరికి ఏం చేస్తారు అక్కా? అసలు తమ్ముడంటారా, కాదంటారా?" అని అడిగింది.

"నువ్వు ఏదంటే అది" అంది పిన్ని.

"అబ్బే, నన్నడగకండి. నకిలీ అంటే నేను చూడలేను. అసలే అంటే అస్సలు చూడలేను."

ఆ మాటతో మా ముగింపు మునిగింది. మా తమ్ముడు అప్పటికే రెండు ముగింపులు రాసుకున్నాడు. ఒకదాంట్లో వేషగాడు ఓడెక్కి పారిపోతాడు. రెండోదాంట్లో చేతిమీద పుట్టుమచ్చ బయటపడుతుంది. రెండూ తీశాం. మొదటిది చూసి వంటాయనే ఏడ్చాడు. రెండోదాంట్లో కాటుకతో పెట్టిన పుట్టుమచ్చ చెమటకు జారి మోచేతి దాకా వచ్చింది. పదేపదే తీశాం. పుట్టుమచ్చ ప్రతిసారీ ఎక్కడికో ఒకచోటికి ప్రయాణమైంది.

చివరికి పిన్ని విసుగెత్తి, "ముందు అన్నాలు తినండి, ముగింపు తర్వాత" అని అందరికీ వడ్డించింది. ఆ రోజు మిన్నీ బే ఆవిడ కూడా ఉంది. అప్పటికి మాతో బాగా కలిసిపోయింది. తమ్ముడు ఊరికే ఫోన్ గోడకు ఆనించి తీస్తున్నాడు. వంటాయన పులుసు కలుపుకుని పెద్ద ముద్ద పెట్టుకున్నాడు. కారం ముక్కుకెక్కింది. ఆవిడ చటాక్కున లేచి ఆయన నెత్తి మీద చరుస్తూ, "మెల్లగా తినరా! ఎవడు తరుముతున్నాడు నిన్ను?" అంది. అని, చెయ్యి నెత్తి మీదే ఉంచి ఆగిపోయింది. వంటాయన దగ్గు మధ్యలోనే, "సరే అక్కా" అన్నాడు. తనకన్నా చిన్నావిడతో. ముందు ఆవిడే నవ్వింది. తర్వాత అందరం. నవ్వుతున్నామో ఏడుస్తున్నామో తెలియనంతగా నవ్వాం.

మా తమ్ముడు అదే చివరి ఎపిసోడ్‌గా పెట్టేశాడు. అసలా నకిలీయా చెప్పలేదు. పులుసు తినడంతో కథ ఆగిపోయింది.

చూసినవాళ్ళు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. "ఇదేం ముగింపు? ఆ కొత్తావిడ ఎవరు? టైం బర్బాద్." చేపలతను పిన్నికి కూడా చేపలమ్మడం మానేశాడు. చర్చి పెద్దావిడ మాత్రం ప్రార్థన నెరవేరిందని సాక్ష్యం చెప్పింది. ఏది ఎలా నెరవేరిందో ఎవరూ అడగలేదు. తమ్ముడు నాలుగు రోజులు మొహం ముడుచుకుని తిరిగాడు. మంచి ముగింపు ఎలా ఉండాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఎపిసోడ్ పెట్టిన మర్నాడు మిన్నీ బే నుంచి ఫోన్ వచ్చింది. ఆవిడ ఏమంటుందోనని భయపడుతూనే పిన్ని స్పీకర్ పెట్టింది.

"అక్కా, చూశాను. ఇంట్లో అందరికీ చూపించాను" అంది ఆవిడ. "నిజం చెప్పు, నేను మరీ అంత లావుగా ఉన్నానేటి?"