కాపీ కొట్టిన కారు

స్క్వాడ్ మాస్టారికి ఒకటే జబ్బు. ఎదుట ఎవరు కనబడినా సరే, ముందు రెండు చేతులూ చూపించమంటారు. ముప్పై ఏళ్లు పరీక్షల స్క్వాడ్‌లో తిరిగి, కాపీ కొట్టేవాళ్లని పట్టుకుని పట్టుకుని, రిటైరైనా ఆ అలవాటు మాత్రం ఆయన ఒంట్లోంచి పోలేదు. పోస్టుమాన్ ఉత్తరం అందిస్తే, "ఏదీ, రెండో చెయ్యి?" అంటారు. పన్ను పీకబోయిన డెంటిస్టు చేత గ్లవ్స్ విప్పించి, అరచేతులు చూసి, ఆ తర్వాతే నోరు తెరిచారు. పెళ్లికి ముందు భార్యని కూడా వదల్లేదట. "రెండు చేతులూ చూపించండి" అంటే, ఉంగరం తొడుగుతాడు కాబోలని ఆవిడ మురిసిపోతూ చాపింది. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "సరే, ఏమీ లేవు" అన్నారు.

ఈ సంగతులు చెప్పుకుని వీధి వీధంతా నవ్వుతుంది, ఒక్క ఆయన బావమరిది తప్ప. ఈ బావమరిదికి డ్రైవింగ్ స్కూలుంది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా పక్క సీట్లో కూర్చుని "క్లచ్! క్లచ్!" అని అరుస్తాడు కాబట్టి, పెట్టిన పేరు పోయి అందరికీ క్లచ్ అయిపోయాడు. ఇంజనీరు కావలసినవాణ్ణి క్లచ్ అయ్యానని అతని ఏడుపు. దానికి కారణం ఎవరంటే, వేలెత్తి బావనే చూపిస్తాడు.

ఇరవయ్యారేళ్ల కిందట, అప్పటికింకా ఈయన బావ కాని రోజుల్లో, లెక్కల పరీక్షలో క్లచ్ బెంచీ ముందు ఆగి చేతులు చూపించమన్నది ఈ మహానుభావుడే. చొక్కా మడతలోంచి చిట్టీ ఊడిపడింది. గులాబీ రంగు ఫారం మీద సంతకం పెట్టించుకుని, "ఇంక రాసుకో" అని వెళ్లిపోయారు. ఏం రాస్తాడు? ఉన్న ఒక్క చిట్టీ పోయాక! ఫలితాల్లో అతని నెంబరు లేదు. "ఆ స్క్వాడ్ రాక్షసుడు నన్ను డిబార్ చేశాడు" అని ఇంట్లో చెప్పాడు. తండ్రి మండిపడి, పెద్దకూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లి, మాస్టారి వాకిట్లో నిలబడి గంటసేపు తిట్టాడు. మాస్టారు అన్నీ విని, "మీరన్నది నిజమే" అని తలుపు వేసుకున్నారు. ఖర్మ కాకపోతే, ఆ తిట్టడానికి వెళ్లిన కూతురికే ఆయన నచ్చాలా! రెండేళ్ల తర్వాత అక్క ఆయన్నే చేసుకుంది. ఆ పెళ్లి ఫొటోల్లో క్లచ్ మొహం చూస్తే, ఎవరో పోయిన ఇంటికి వచ్చినట్టుంటుంది.

అయినా నాలుగేళ్ల కిందట డ్రైవింగ్ స్కూలుకి కొత్త బండి కొనాల్సి వచ్చినప్పుడు బావ మాట విన్నాడు. వినక చస్తాడా? మాస్టారు నెలరోజులు కూర్చుని పది కార్ల పరీక్ష రిపోర్టులు చదివారు. "నువ్వు బండి తిప్పేది చిన్నపిల్లల బడి చుట్టూరా. పొగ రాకూడదు. ఈ డీజిలు బండి పొగ పరీక్షలో ఫస్ట్ క్లాసులో పాసైందిరా!" అని సొంత కొడుకు ర్యాంకు చెప్పినట్టు చెప్పారు. తానూ అదే కొన్నారు. ఆయన్ని చూసి అపార్టుమెంటులో మరో నలుగురు కొన్నారు. స్క్వాడ్ మాస్టారు పాస్ చేసిన కారుకి ఇంక తిరుగేముంది?

ఈ జైత్రయాత్ర నాలుగేళ్లు సాగాక, ఆరుగురికీ ఒకేరోజు కంపెనీ ఉత్తరాలొచ్చాయి. కారులో ఏదో సాఫ్ట్‌వేర్ మార్చాలట, సర్వీస్ సెంటరుకి తీసుకురావాలట, కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నారట. చింత! అసలు సంగతి పేపర్లో పడింది. పొగ పరీక్ష జరుగుతున్నంతసేపూ చక్రాలు తిరుగుతాయి గానీ స్టీరింగు కదలదు కదా, దాన్నిబట్టి ఆ కారు పరీక్షని పసిగట్టి బుద్ధిమంతురాలిలా పొగ దిగమింగుతుందట. రోడ్డెక్కగానే ఇష్టం వచ్చినట్టు కక్కుతుందట.

మాస్టారు ఆ వార్త మూడుసార్లు చదివారు. "ఇన్విజిలేటర్ వస్తున్నాడని తెలిసి చిట్టీ దాచింది" అన్నారు. కిందికి దిగి, కారుని గోడవైపు తిప్పి నిలబెట్టి, అట్టముక్క మీద ‘డిబార్’ అని రాసి వైపరు కింద పెట్టారు. ఆ రోజునుంచి కాలినడకే.

సాయంత్రం పార్కింగులో కార్లవాళ్లంతా పోగయ్యారు. ఎవరి కడుపులోనైనా కాస్త బాధ ఉందేమోనని చూస్తే, అబ్బే!

"పొగ వెనక్కి పోతుంది, మనం ముందుకి పోతాం. మనకొచ్చిన నష్టమేంటండీ?" అన్నాడు డెంటిస్టు.

"సరిచేయిస్తే బండి నీరసపడిపోతుందట. నేనైతే వెళ్లను" అన్నాడు మందుల షాపాయన. దగ్గుమందు అమ్ముకునేవాడు ఇంకేమంటాడు?

"నేనూ వెళ్లను" అన్నాడు క్లచ్.

మాస్టారు అతనివైపు తిరిగారు. "ఎందుకని?"

"పికప్ పోతుందండీ. నా దగ్గర నేర్చుకునేవాళ్లు ఇప్పటికే అడుగడుక్కీ బండి ఆపేస్తున్నారు. ఇంక ఆ బండి కూడా మూలిగితే ఎవడొస్తాడు నా స్కూలుకి?"

"బడి చుట్టూ రోజుకి ఎన్నిసార్లు తిప్పుతావు?"

"నలభై."

"నడకంత వేగంతో. పిల్లలు ఆడుకునే కంచె పక్కనుంచి."

క్లచ్‌కి ఒళ్లు మండింది. ఆ పిల్లలు అతనికి తెలియనివాళ్లు కాదు. బండి కనపడగానే కంచె పట్టుకుని "క్లచ్! క్లచ్!" అని కేకలు పెడతారు. ఆ సంగతి గుర్తుచేసినందుకే ఇంకా మండింది.

"నేను ఒక్క చిట్టీ పెట్టుకుంటే నా బతుకంతా డిబార్ చేశారు. మీరు ఏరికోరి తెచ్చిన కారు నాలుగేళ్లు కాపీ కొడితే మీకు తెలియలేదు! లోకంలో అందరి చేతులూ చూశారే, ఆ సైలెన్సర్ ఒక్కసారి చూశారా?"

పార్కింగులో అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా డెంటిస్టు నవ్వాడు, గ్లవ్స్ కసి తీరేలాగ.

"లేదు. చూడలేదు" అన్నారు మాస్టారు. అని మెట్లెక్కి వెళ్లిపోయారు.

ఆ తర్వాత మూడు రోజులు ఆయన ఎవరినీ చేతులు చూపించమనలేదు. పోస్టుమాన్ అలవాటుగా రెండు చేతులూ చాపి నిలబడితే, ఉత్తరం తీసుకుని లోపలికెళ్లిపోయారు. అతను హడలిపోయి, "అమ్మా, మాస్టారికి ఒంట్లో బాగోలేదా?" అని అడిగాడట.

నాలుగో రోజు పొద్దున్నే అక్క డ్రైవింగ్ స్కూలు గదిలోకి వచ్చింది. గోడమీద ట్రాఫిక్ గుర్తుల పటం కింద కూర్చుని క్లచ్ టీ తాగుతున్నాడు. కూర్చోమన్నా ఆవిడ కూర్చోలేదు.

"నలుగురిలో బాగా కడిగావటగా మీ బావని?"

"ఉన్నమాటే అన్నాను అక్కా. ఆయన డిబార్ చెయ్యకపోతే నేనిలా ఉండేవాణ్ణా?"

"నోర్ముయ్. ఇరవయ్యారేళ్లు విన్నాను. చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు కాబట్టి ఊరుకున్నాను. ఒట్టూ లేదు, గిట్టూ లేదు. ఇది చదువు."

సంచీలోంచి కాగితం తీసి బల్లమీద కొట్టింది. రంగు వెలిసిపోయిన గులాబీ ఫారం. కింద పదహారేళ్ల క్లచ్ వంకర సంతకం. మూలన పిన్నుతో గుచ్చిన చిట్టీ.

"ఇది... పంపలేదా?"

"ఒక కాగితం రెండుచోట్ల ఎలా ఉంటుందిరా? చదువు, ఆయనేం రాశారో."

ముత్యాల్లాంటి అక్షరాలు. ‘అభ్యర్థి వద్ద దొరికినది జ్యామితి చిట్టీ. నేటి పరీక్ష బీజగణితం. ఇందులో చూసి రాయుటకు ఏమియు లేదు. కావున నేరము రుజువు కాలేదు.’

క్లచ్ చిట్టీ వంక చూశాడు. త్రిభుజాలు, వృత్తాలు, చీమతలకాయంత అక్షరాలు. మర్నాటి పేపరు చిట్టీ ముందురోజు పెట్టుకెళ్లాడు, వెధవ!

"మరి నా నెంబరు..."

"తప్పావు. నూటికి పదకొండు. మార్కుల కాగితం తెచ్చుకోవడానికైనా వెళ్లావా నువ్వు? ఆయన వెళ్లి కనుక్కున్నారు. ఆ పదకొండూ వాడు సొంతంగా తెచ్చుకున్నవే అని ఇప్పటికీ గొప్పగా చెబుతారు."

"నాన్న తిట్టినప్పుడైనా చెప్పొచ్చు కదా!"

"నేనూ అదే అడిగాను. 'కాపీకి వెళ్లి కూడా తప్పాడని తెలిస్తే వాడు తలెత్తుకోలేడు. నావల్ల పోయిందనుకుంటే నామీద కసితోనైనా బతుకుతాడు' అన్నారు." అక్క కళ్లు తుడుచుకుంది. "బాగా బతికావులే, ఆ కసితో. ఇప్పుడాయన అన్నం సరిగ్గా తినడం లేదు. 'పాసైందని నేను చెబితేనే వాడు ఆ పిల్లల పక్కన తిప్పాడు' అని ఒకటే గొణుగుడు. ఇవాళ కారు చూపించడానికి వెళ్లారు. నువ్వు వెళ్తావో మానతావో నీ ఇష్టం."

అక్క వెళ్లాక క్లచ్ ఆ ఫారం మళ్లీ చదివాడు. సిగ్గేసింది. ఇరవయ్యారేళ్లుగా భద్రంగా దాచుకున్న కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. నేర్చుకోవడానికి వచ్చినావిడ గుమ్మంలో నిలబడి "ఇవాళ రివర్సు అన్నారు కదండీ?" అంటే, "ఇవాళ క్లాసు లేదమ్మా" అని ఫారం జేబులో పెట్టుకుని, తాళాలు తీసుకుని లేచాడు.

సర్వీస్ సెంటరులో ప్లాస్టిక్ కుర్చీలన్నీ ఖాళీ. అంత పెద్ద ఊళ్లో మాస్టారు తప్ప కారు తెచ్చిన పాపాన పోయినవాడు లేడు. టోకెన్ పట్టుకుని, పిలుపు రాబోయే పిల్లాడిలా నిటారుగా కూర్చున్నారు. బావమరిదిని చూడగానే మొహంలోకి పాత వెలుగు వచ్చేసింది.

"రెండు చేతులూ చూపించు!"

క్లచ్ చూపించాడు. ఒక చేతిలో కారు తాళం, రెండో చేతిలో కంపెనీ ఉత్తరం. మాస్టారు అటూ ఇటూ తిప్పి చూశారు. "సరే" అన్నారు.

క్లచ్ పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఫారం సంగతి ఎత్తాలనుకున్నాడు. చూస్తే బావ ఎడమచెయ్యి పిడికిలి బిగించి ఉంది.

"బావా, మీ చేతులు చూపించండి."

"నావా? నావెందుకు?"

"రెండూ!"

ముప్పై ఏళ్ల స్క్వాడ్ చరిత్రలో ఆయన్ని అలా అడిగినవాడు లేడు. మాస్టారు బిక్కమొహం వేసి, మెల్లగా పిడికిలి విప్పారు. అరచేతి నిండా బాల్‌పెన్‌తో రాసుకున్నారు, మెకానిక్‌ని అడగాల్సినవి. పొగ నిజంగా తగ్గుతుందా? పరీక్ష రోడ్డు మీద మళ్లీ పెడతారా? బొటనవేలి పక్కన, చెమటకి కాస్త చెదిరిపోయి, మూడోది: బావమరిది బండికి పికప్ పోకుండా చెయ్యగలరా?

"మర్చిపోతానేమోనని రాసుకున్నానురా" అన్నారు, నేల చూపులు చూస్తూ.

క్లచ్ జేబులోంచి గులాబీ ఫారం తీశాడు. మాస్టారు దాన్ని చూసి ఉలిక్కిపడ్డారు.

"నా చిట్టీలో ఆ పేపరుకి పనికొచ్చేది ఏమీ లేదన్నారు, వదిలేశారు" అన్నాడు క్లచ్, ఆయన చెయ్యి పట్టుకుని. "మీ చిట్టీలో ఉన్నదంతా ఇవాళ్టి పేపరే బావా. దొరికిపోయారు."