మునిగారి కబురు

నీళ్ల సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల బల్ల దగ్గర కూర్చునే గుమాస్తాను అందరూ మునిగారంటారు. తపస్సు చేసి వచ్చిన పేరు కాదది. గొంతులో పుండు లేచి, స్వరపేటిక తీసేశాక ఆయన నోట మాట పోయింది. మెడ మీద చిన్న రంధ్రం, దానికి అడ్డంగా భార్య కుట్టి ఇచ్చిన తెల్లటి నూలుగుడ్డ. ఊపిరంతా అక్కణ్నుంచే. ఉద్యోగం కూడా పోతుందని ఇంటిల్లిపాదీ దిగులుపడుతుంటే పెద్ద ఇంజనీరు కబురుపెట్టి, "చేతులున్నాయిగా, ఇకమీదట మెయిళ్లన్నీ మీవే" అని ఆ బల్ల చూపించారు. ఆ మాట అన్న నోరు చల్లగా ఉండాలి.

మునిగారి జవాబులు ఆఫీసు జవాబుల్లా ఉండేవి కావు. "మీ వీధి గొట్టం రేపటికి బాగవుతుంది. అందాకా పక్కవీధి కుళాయి వాడుకోండి, అక్కడి పెద్దావిడకు చెప్పి ఉంచాం" అని రాసేవారు. నిజంగానే చెప్పి ఉంచేవారు.

అన్నిటికన్నా ఆయన భయభక్తులతో చేసే పని ఒకటుంది. వానలకు ఏటినీరు బురదెక్కితే ఫిల్టర్‌హౌస్‌లో క్లోరిన్ పెంచుతారు. తాగేవాళ్లకు కాస్త వాసన, అంతే. కానీ ఆస్పత్రిలో కిడ్నీలు చెడినవాళ్ల రక్తాన్ని శుభ్రం చేసే యంత్రంలోకి ఆ క్లోరిన్ చేరితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ముందుగా డయాలసిస్ గదికి కబురు వెళ్లాలి. వాళ్లు క్లోరిన్‌ను పట్టేసే తమ బొగ్గు ఫిల్టర్లు పరీక్షించుకున్నాకే రోగుల్ని యంత్రానికి కలుపుతారు.

ఆ ఉదయం క్లోరిన్ పెంచుతున్నామని ఫిల్టర్‌హౌస్ నుంచి చీటీ వచ్చింది. మునిగారు మెయిల్ రాసి పంపారు. తెర మీద చక్రం తిరిగింది, తిరుగుతూనే ఉంది. సర్వర్‌తో సంబంధం తెగిందని ఒక వాక్యం కనబడింది. ఆ వెంటనే మెయిల్ ప్రోగ్రామే మూతపడిపోయింది. మళ్లీ తెరిచారు, మళ్లీ మూతపడింది. ఇంకోసారి తెరిస్తే తెరంతా తెల్లబోయి బిగుసుకుపోయింది. రాసిన కబురు జాడ లేదు. వెళ్లే ఉంటుందిలే అని సరిపెట్టుకునే మనిషి కాదాయన.

ఆఫీసులో వాళ్లందరూ ఫిల్టర్‌హౌస్‌కే వెళ్లారు. మునిగారు ఇంజనీరుకు సెల్‌లో సందేశం పెట్టారు. మోటార్ల హోరులో ఆయన చూసుకోలేదేమో, బదులు రాలేదు. డయాలసిస్ గదిలో ఉన్నది బల్లఫోను ఒక్కటే, దానికి సందేశాలు వెళ్లవు. మునిగారు ఆ నంబరు తిప్పారు.

"హలో, డయాలసిస్. ఎవరండీ? హలో?"

ఇటు వైపు ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు.

"పనీపాటా లేదా మీకు? ఇక్కడ రోగులున్నారు!" నర్సు పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తి దించేసింది. ఆమెను అనడానికేముంది, ఎన్ని ఆకతాయి ఫోన్లు వస్తాయో!

మునిగారు బయటికి పరుగెత్తారు. మెట్లు తుడుస్తున్న ఆవిడ చేయి పట్టుకుని లోపలికి లాక్కొచ్చారు. ఆవిడ వసపిట్ట. "మా మునిగారి వాటా మాటలు కూడా దేవుడు నా నోట్లోనే పోశాడు" అని తన మీద తనే నవ్వుకునే మనిషి.

"అయ్యయ్యో, తడిచేతులన్నయ్యా! ఏమైంది? ఇంటి దగ్గర అంతా బాగేనా?"

ఆవిడకు చదువు రాదు, చీటీ రాసి లాభం లేదు. ఆయన పెదవులు కదిపారు. రోజూ పలకరించే మనిషి కాబట్టి ఆవిడకు ఆ పెదవుల మాట కొంత అలవాటే.

"నెమ్మదిగా అను... నీళ్లా? ఆఁ, నీళ్లు. ఆస్పత్రికి చెప్పాలా? సరే, తిప్పు ఫోను."

అటు నుంచి గొంతు వినబడగానే ఆవిడ అందుకుంది. "పెట్టేయకు తల్లీ, నీకు పుణ్యముంటుంది! ఇందాకటి నుంచి చేస్తున్నది నీళ్లాఫీసు నుంచి మా మునిగారు. ఆయనకు గొంతు లేదమ్మా, ఆకతాయి కాదు. నీళ్లలో అదేదో పెంచారట... ఏంటన్నయ్యా? ఆఁ, క్లోరిన్!"

అవతల కేక: "ఎవరినీ కలపొద్దు! ఆ మొదటి మంచం తాతగారిని ఆపండి!" మళ్లీ ఫోనులోకి, "మెయిల్ రాలేదండీ..."

"ఆ పెట్టె చచ్చిందమ్మా. మరి మీవాళ్లు..."

"ఇంకా కలపలేదు. పరీక్ష చేసి చెబుతాను."

మధ్యాహ్నం దాటింది. ఆవిడ పని అయిపోయినా ఇంటికి వెళ్లలేదు. ఫోను వైపే చూస్తూ బెంచీ మీద కూర్చుంది. మునిగారు కళ్లు మూసుకున్నారు. ఆ రోగుల కోసం ఆయన ఎవరికి మొక్కుకుంటున్నారో అడగాల్సిన పని లేదు. కంప్యూటర్లు చూసే అబ్బాయి వచ్చి, "సర్వర్ లేచింది సార్" అంటే తల ఊపారు గానీ తెర వైపు చూడలేదు.

ఫోను మోగింది. ఆవిడ చేయి చాపేలోపే మునిగారు ఎత్తారు.

"మునిగారేనా?" నర్సు గొంతు. "మీరు మాట్లాడక్కర్లేదండీ, వినండి చాలు. ఒక ఫిల్టరు పాడైపోయింది. మార్చేశాం. మళ్లీ పరీక్షించాకే కలిపాం, అందరూ బాగున్నారు. తాతగారు మాత్రం భోజనం ఆలస్యమైందని మిమ్మల్నీ నన్నూ కలిపి తిడుతున్నారు."

మునిగారి భుజాలు కదిలాయి. నవ్వారో, ఏడ్చారో.

"ఇందాక విసుక్కున్నాను. మనసులో పెట్టుకోకండి."

ఆయన పెదవులు కదిపి ఏదో చెప్పారు, కాస్త పొడుగు మాటే. ఎదుటి మనిషి చెప్పేది పూర్తయ్యేదాకా ఆగినట్టు అవతల నర్సు ఆగింది. తరువాత, "సరేనండీ, ఉంటాను" అని ఫోను పెట్టింది.