పళ్ళచక్రం మీద గుర్తు

పామిడిలో ఆయిలింజన్ మెకానిక్కుల సంఘం ఉందంటే ఇప్పుడు ఎవరూ ఆశ్చర్యపోరు. అరవై ఆరులో వానలు మొహం చాటేసినప్పుడు కూడా, పనివాడు దొరక్క ఫలానా బావి మీద ఇంజన్ ఆగిపోయిందన్న మాట ఈ చుట్టుపక్కల వినపడలేదు. ఆ ఘనత జిలాన్ బాషాది. నా పేరు తిప్పయ్య, నేనూ మెకానిక్కునే. ఆ సంఘం పుట్టడానికి నేను చేసిన వెధవ పని కూడా ఒక కారణం కాబట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాల్సింది నేనే.

బాషా చదివింది నాలుగో తరగతి. వాళ్ళ నాయన దూదేకేవాడు. ఆ పని కడుపు నింపక, పెళ్ళయ్యాక బాషా గుంతకల్లులో ఒక శెనక్కాయల మిల్లుకు ఇంజన్ తుడవడానికి కుదిరాడు. తుడుస్తూ తుడుస్తూనే దాని గుట్టంతా పట్టాడు. యాభై ఐదులో పామిడికి తిరిగొచ్చి, సైకిల్‌కు పనిముట్ల సంచి తగిలించుకుని ఊళ్ళు తిరగడం మొదలుపెట్టాడు. నాకు అతనంటే గిట్టేది కాదు. ఎందుకంటే పని నాకంటే బాగా చేసేవాడు.

అప్పట్లో మేం ఆరుగురం ఉండేవాళ్ళం. ఒకరి పని ఒకరికి తెలియనిచ్చేవాళ్ళం కాదు. ఇంజన్ విప్పేటప్పుడు రైతును కూడా ఏదో సాకుతో అవతలికి పంపేవాళ్ళం. నేను ఇంకో అడుగు ముందుకేశాను. ఆయిలింజన్ లోపల రెండు పళ్ళచక్రాలుంటాయి. కంపెనీవాళ్ళు వాటి మీద చిన్న గుర్తులు కొట్టి పంపుతారు. ఆ గుర్తులు ఎదురెదురుగా కలిపి బిగిస్తేనే ఇంజన్ నడుస్తుంది. నేను ఒక చక్రం మీది గుర్తును ఆకురాయితో అరగదీసి, మూడు పళ్ళ అవతల దొంగ గుర్తు కొట్టేవాణ్ణి. అసలు చోటు నా ఒక్కడికే తెలుసు. ఇక ఆ రైతు చచ్చినట్టు నా దగ్గరికే రావాలి. ఎంత తెలివైనవాణ్ణో అని నన్ను నేనే మెచ్చుకునేవాణ్ణి.

అరవై ఒకటి ఎండాకాలంలో హనుమంతరాయుడి చీనీ, అంటే బత్తాయి తోటలో ఇంజన్ ఆగిపోయింది. అది నేను గుర్తు మార్చిన ఇంజనే. ఆ వారం నేను చిలమత్తూరులో చెల్లెలి ఇంట్లో ఉండటంతో రాయుడు బాషాను పిలిచాడు. బాషా అంతా విప్పి శుభ్రం చేసి, గుర్తుకు గుర్తు కలిపి బిగించి, హ్యాండిల్ జోరుగా తిప్పాడు. లోపల ఖంగుమంది. వాల్వు వెళ్ళి పిస్టన్‌కు తగిలి వంగిపోయింది.

మంచి ఇంజన్‌ను బాషా చెడగొట్టాడని రాయుడు సంతలో చెప్పాడు. పది రోజులు తిరక్కముందే బాషాను పిలిచేవాళ్ళు లేకుండా పోయారు. నిజానికి గుర్తు దొంగదని బాషా ఆ రోజే కనిపెట్టాడు. ఆకురాయి గీతలు చూపిస్తే రాయుడు నమ్మలేదు. "నీ తప్పును ఇనుము మీదికి నూకుతాండావా?" అన్నాడు. నేను తిరిగొచ్చాక రాయుడు కబురు పంపినా, గుట్టు బయటపడుతుందని ఏదో సాకు చెప్పి తప్పించుకున్నాను.

బాషా సైకిలెక్కి మా ఐదుగురి దగ్గరికీ వచ్చాడు. గుర్తు ఎవరిదని ఎవర్నీ అడగలేదు. "అమావాస్య నాడు మా ఇంటికాడికి రాన్నా" అన్నాడు, అంతే. అమావాస్య నాడు మాలో ఎవరూ పనిముట్టు ముట్టరు. పనుందని తప్పించుకోవడానికి లేకపోయింది.

అతని భార్య సైదాబీ అందరికీ టీ ఇచ్చింది. బాషా నింపాదిగా మొదలుపెట్టాడు.

"డాక్టరు పని బాగుండాదో లేదో ఇంకో డాక్టరు చెప్తాడు. వకీలు తప్పు చేస్తే వకీళ్ళే పిలిచి అడుగుతారు. మన పని సంగతి ఎవురు చెప్పల్ల? ఇంజన్ లోపల ఏముండాదో తెలీని మనిషి చెప్తాండాడు. అది ఆయప్ప తప్పు గాదు. తెలిసినోళ్ళం ఆర్మందిమి ఉండి నోరు మూసుకోనుండాం. ఈ పొద్దు నాకు, రేపు మీకు. మనకొక సంఘం కావల్ల."

నాకు సంఘాలంటే మొదట్నుంచీ ఒళ్ళు మంట. దానికి తోడు లోపల గుబులు. "సంఘం పెడితే ఇంజన్ ఆడుతాదేమప్పా?" అని ఎగతాళి చేశాను. ఎవరూ నవ్వలేదు. మాలో పెద్దవాడు నారాయణప్ప మాత్రం, "రేపు అందరమూ పోయి చూద్దాం. చూసినది ఒకే మాటగా చెప్దాం" అన్నాడు.

మర్నాడు తోటకు వెళ్ళాం. రాయుడి భార్య బయమ్మ బావిలోంచి నీళ్ళు చేది, బిందెతో ఒక్కో చెట్టుకూ పోస్తోంది. మూడు వందల చెట్లు. ఆకులు అప్పటికే ముడుచుకుపోయాయి. తాడు ఒరుసుకున్న అరచేతులకు ఆమె పాత గుడ్డలు చుట్టుకుంది. మమ్మల్ని చూసి కూడా ఆగలేదు. నాకు ఆవిడ వైపు చూడటానికి మొహం చెల్లలేదు.

నారాయణప్ప చక్రాన్ని ఎండకు తిప్పి చూసి పక్కవాడికిచ్చాడు. అలా చేతులు మారింది. ఆకురాయి పెట్టారని, బాషా తప్పేమీ లేదని అందరూ ఒకే మాట చెప్పారు. రాయుడు తెల్లబోయాడు. నేను ఊరుకుంటే నా మీద అనుమానమే తప్ప రుజువు ఉండేది కాదు. కానీ అసలు చోటు వెతికి పట్టుకోవడానికి ఇంకో పూట పడుతుంది. అంతసేపూ బయమ్మ చేదుతూనే ఉంటుంది.

"ఆ గుర్తు కొట్టింది నేనే" అన్నాను.

రాయుడు చెప్పు తీశాడు. బాషా అడ్డంగా నిలబడ్డాడు. "ఉండప్పా. ఈయన మా సంఘం మనిషి. మేము మాట్లాడుకుంటాం" అన్నాడు. నేనింకా సంఘంలో చేరనేలేదు. బాషా సంచిలోంచి గుర్తు కొట్టే పంచూ సుత్తీ తీసి నా చేతిలో పెట్టాడు.

"అసలు చోట కొట్టన్నా. అందరూ చూసేట్టు కొట్టు."

ఐదుగురి ముందూ కొట్టాను. బాషా గుంతకల్లు నుంచి తెచ్చిన కొత్త వాల్వు వేసి, అంతా బిగించి, హ్యాండిల్ తిప్పాడు. ఇంజన్ రెండుసార్లు దగ్గి అందుకుంది. గొట్టంలోంచి నీళ్ళు దూకి కాలవలో పరుగెత్తాయి. బయమ్మ బిందె కింద పెట్టి, ఆ నీళ్ళలోనే కూర్చుండిపోయింది. మేం ఆరుగురం వెర్రివాళ్ళలా ఒకరి వీపు ఒకరం చరుచుకున్నాం. నేనొక్కణ్ణే బాగుచేసిన ఏ ఇంజనూ నాకు అంత సంతోషం ఇవ్వలేదు.

అక్కడే కూర్చుని కట్టుబాట్లు రాసుకున్నాం. ఎవరూ గుర్తు చెరపకూడదు. ఒకరి పని మీద ఫిర్యాదొస్తే ముగ్గురు వెళ్ళి చూడాలి. కొత్త రకం ఇంజన్ వస్తే అందరి ముందూ విప్పాలి.

బయల్దేరుతుంటే రాయుడు వచ్చి బాషా సైకిల్ పట్టుకున్నాడు. "తప్పయిపాయ బాషా. యాడ అన్నానో ఆ సంతలోనే చెప్తా. ఇంగమీద ఇంజన్ నిలిచిపోతే నిన్ను తప్ప ఇంకొకరిని పిలవను."

బాషా మా అందరి వైపూ ఒకసారి చూశాడు.

"ఈ ఆర్మందిలో ఎవురినైనా పిలువప్పా" అన్నాడు.