కొండెక్కిన దీపం

మా నాచారం ఇంటి పైవాటాలోని అన్న పాచికలతో కథలాట ఆడించేవాడు. పాచికలు గుప్పిట్లో మూసి, "మీ నోట్లకెల్లి ఏదొస్తే గదే జరుగుతది" అనేవాడు. బడికి వెళ్లని నాకు నలుగురిలో నోరు పెగిలేది కాదు.

ఆ రోజు కథలో పిల్లలమంతా గుహలో ఉన్నాం, వెనక రాక్షసుడు. దీపం పట్టే పని నాది. నా పాచిక తప్పు పడింది. రాక్షసుడు దగ్గరికొచ్చేశాడు. నా వల్ల అందరూ చస్తారనుకున్నాను.

"దీపమేమైంది చెల్లె?"

'ఆరిపోయింది' అని మా ఇంట్లో ఎవరూ అనరు. "కొండెక్కిందన్నా" అన్నాను.

"గుహల కొండేందే?" ఉప్పల్ నుంచి ఆటకొచ్చే పిల్ల నవ్వింది.

అన్న నవ్వలేదు. "మాటంటే మాటే. దీపం కొండెక్కింది, రాక్షసుడు దాని ఎంబడే ఎక్కిండు. ఉరుకున్రి!"

అన్న ఎక్కడున్నా చల్లగా ఉండాలి. ఇప్పటికీ పూజగదిలో దీపం కొండెక్కితే, రాక్షసుడు పైకెక్కేదాకా చీకట్లో కదలకుండా కూర్చుంటాను.