మణెమ్మక్క చెప్పించిన నిజం

ఈ ఉదయం నాగర్‌కర్నూలులో మా దవాఖాన డ్యూటీ గదిలోకి అడుగుపెట్టగానే వెల్లుల్లి కారం వాసన తగిలింది. కొత్త నర్సు ఎవరో జొన్నరొట్టెల డబ్బా తెరిచింది. రోజూ అవే తెచ్చుకునే మణెమ్మక్క వచ్చిందేమోనని ఒక్క క్షణం చుట్టూ చూశాను. ఆమె పోయి మూడేళ్లయింది.

వనపర్తిలో ఒక చిన్న దవాఖానలో నేను నర్సుగా చేరినప్పుడు ఆమె అక్కడ పెద్ద నర్సు. గద్వాల నేతగాళ్ల ఇంటి ఆడపిల్ల. సూదిని చూసి ఏడ్చే పిల్లలకు మేమంతా నొప్పే ఉండదని చెప్పేవాళ్లం. ఆమె మాత్రం, "నొస్తది బిడ్డా. పది లెక్కవెట్టు, పోతది" అనేది. చిత్రంగా పిల్లలు ఆమెకే చెయ్యి చాపేవాళ్లు.

నేను చేరిన ఏడాదే వీపనగండ్ల వైపు నుంచి బాలయ్య అనే ముసలి రైతు భార్యను తీసుకొచ్చాడు. గుండె బలహీనపడి ఆమెకు ఊపిరి అందడం లేదు. రెండోరోజు పొద్దున డాక్టరు చూసి, రేపటిదాకా నిలవడం కష్టమని మాతో చెప్పాడు. మణెమ్మక్క ఒక కాన్పు దగ్గరికి పోతూ, "బాలయ్యకు నువ్వు చెప్పు. కొడుకును పిలుచుకొమ్మను" అని నాకు అప్పజెప్పింది. కొడుకు మానవపాడులో మిరపకాయలు ఏరే పనికి పోయి ఉన్నాడు.

వరండాలో బాలయ్యే ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "బిడ్డా, ఎట్లుంది? కొడుకుకు ఫోన్ చెయ్యాల్నా?" రెండు రోజులుగా ఆయన అన్నం ముట్టలేదు. ఆ ముఖం చూసి నాకు నోరు రాలేదు. "పరేషాన్ కాకు పెద్దయ్యా. రేపటికి లేసి కూసుంటది" అన్నాను. ఆయన పోయి కడుపునిండా తిని వచ్చాడు. మంచి పనే చేశాననుకున్నాను. అక్క అడిగితే చెప్పానన్నాను.

మర్నాడు పొద్దున్నే బాలయ్య భార్య కన్నుమూసింది. కొడుకు మధ్యాహ్నానికి గాని రాలేకపోయాడు. చేతులకింకా మిరప ఘాటు ఉందేమో, తుడుచుకున్నకొద్దీ కళ్లు ఎర్రబడ్డాయి. "నిన్ననే ఎందుకు చెప్పలే నాయనా?" అని తండ్రి మీద అరిచాడు. బాలయ్య నా వైపు ఒకసారి చూసి, "నాకే తోచలే కొడుకా" అన్నాడు. నేను మంచం మీది దుప్పటి మడతపెడుతూ ఉండిపోయాను. మణెమ్మక్కకు అర్థమైంది.

సాయంత్రం నన్ను పక్కకు పిలిచి అడిగింది. "చెప్పిన అంటివి కదా?"

"నోరు రాలే అక్కా."

"ముసలాయన నీ తప్పు నెత్తికెత్తుకున్నడు. ఎన్ని దినాలు మోపిస్తవ్?"

పదకొండో రోజు అయ్యాక ఇద్దరం బస్సెక్కి వాళ్ల ఊరు పోయాం. తండ్రీకొడుకులు ఒకే అరుగుకు చెరో చివర కూర్చున్నారు. ఆ రోజు నుంచీ కొడుకు తండ్రితో మాట్లాడలేదట. నేను కొడుకు ముందుకు పోయి నిలబడ్డాను. "మీ నాయన తప్పేం లేదన్నా. నిన్ను పిలిపియ్యాల్నా అని నన్నడిగిండు. భయం లేదని నేనే అబద్ధం చెప్పిన."

తిడతాడనుకున్నాను. అతను తల ఎత్తకుండానే, "మా అమ్మ నన్ను అడిగిందా?" అన్నాడు. లేదు, నిద్రలోనే పోయింది అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మణెమ్మక్క వైపు చూశాను. ఆమె సాయం రాలేదు.

"అడిగింది. రెండుసార్లు పేరు పెట్టి పిలిచింది."

అతను వెక్కివెక్కి ఏడ్చాడు. నన్ను క్షమించానని ఆ రోజూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. కానీ లేచి పోయి తండ్రి పక్కన కూర్చుని, "ఈ ముచ్చట నాకు చెప్పకపోతివి నాయనా" అంటూ ఆయన ఒళ్లో తల పెట్టాడు.

మణెమ్మక్క చివరికి కాలేయం చెడి మా వార్డులోనే చేరింది. "నాకెన్ని దినాలున్నయో నువ్వే చెప్పు" అంది. ఆమె చెయ్యి పట్టుకుని, "నెల దాటుడు కష్టమే అక్కా" అన్నాను. "అయితే మా చెల్లెను పిలిపియ్యి" అంది. చెల్లెలు మగ్గం మీద సగం చీర వదిలేసి గద్వాల నుంచి వచ్చింది. అక్క పోయేదాకా పద్దెనిమిది రోజులు ఇద్దరూ చిన్ననాటి మాటలు చెప్పుకుని నవ్వుకున్నారు.

ఇప్పటికీ ఎవరికైనా అలాంటి మాట చెప్పాల్సి వస్తే ముందు అబద్ధమే నాలుక చివరికి వస్తుంది. అయినా నిజమే చెప్తాను. చెప్పి వచ్చాక, "ఇట్ల చెప్పిన అక్కా" అని చెప్పుకోవడానికి మనిషి లేదు. అలవాటైతే సులువవుతుందని మాత్రం ఆమె నాకెప్పుడూ చెప్పలేదు.