ఇవాన్ నేర్పిన పాటతో నాన్నకు మాటొచ్చింది

1998 వానాకాలంలో ఒక ఉదయం. మాజీ సైనికుల మీటింగుకని నాన్న చొక్కాకి మెడల్స్ పెట్టుకుంటున్నాడు. అవి చేతిలోంచి జారిపడ్డాయి. వంగి తీసుకోలేకపోయాడు. నా వైపు చూసి ఏదో అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. మూతి ఒక పక్కకి లాగేసింది.

"ఏటయింది నాన్నా? ఏటి సెప్తన్నావు?" అని కేకేశాను. మా ఆయన పరిగెత్తి ఆటో తెచ్చాడు. కంచరపాలెం నుంచి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం.

సీటీ స్కాన్ చూసి డాక్టరుగారు, "స్ట్రోక్ అమ్మా. మెదడులో ఎడమవైపు క్లాట్ ఉంది. చెయ్యి, కాలు ఫిజియోథెరపీతో కొంత వస్తాయి. మాట పోవడాన్ని అఫేజియా అంటాం. అది ఎంతవరకు వస్తుందో చెప్పలేను" అన్నారు.

"రాదని కూడా చెప్పలేరు కదండీ" అన్నాను.

నాన్న కుర్రతనంలో, రెండో ప్రపంచ యుద్ధంలో, బర్మా అడవుల్లో కంచరగాడిదల మీద సైన్యానికి సరుకు చేరవేశాడు. తర్వాత పోర్టులో కళాసీ. అంత గట్టి మనిషి ఇప్పుడు మంచినీళ్లు అడగలేక మంచం పట్టెను గుద్దేవాడు. నేను కుట్టుమిషను పని మధ్యలో లేచి నాన్న వేళ్లు వంచి చాపేదాన్ని, గోడ పట్టించి నడిపించేదాన్ని. కాస్త నడక వచ్చిందనగా అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా అయింది. మళ్లీ ఆసుపత్రి. ఇంటికొచ్చాక గోడవైపు తిరిగి పడుకున్నాడు. చెయ్యి పట్టుకోబోతే విదిలించాడు.

"తిట్టు, కొట్టు. నాను మాత్రం మానను" అన్నాను.

వేళ్లకి పని ఉంటుందని మెడల్స్ తెచ్చి, గుడ్డ ఇచ్చి తుడవమన్నాను. కొన్నాళ్లు ముట్టుకోలేదు. ఒక మధ్యాహ్నం బర్మా స్టార్ అనే మెడల్ తుడుస్తూ సన్నగా పాట ఎత్తుకున్నాడు. అది తెలుగు కాదు, హిందీ కాదు, ఇంగ్లీషూ కాదు. ఎక్కడా తడబడలేదు. నేను మిషను ఆపేశాను. తన గొంతు తానే విని నాన్న ఏడ్చాడు.

స్పీచ్ థెరపిస్ట్‌కి చెప్తే ఆమె ముఖం వెలిగింది. "కొందరికి మాట పోయినా పాట ఉంటుందమ్మా. ఆ దారినే మాట తెద్దాం" అంది. "మంచినీళ్లు కావాలి" అన్న మాటని ఆ రాగంలోనే పాడించాం. ముందు పాటగా, తర్వాత పొడిమాటగా వచ్చింది.

ఆ పాట ఎవరిదో నాన్న నోటి నుంచి తెలియడానికి ఏడాది పట్టింది. వెల్ష్ రెజిమెంటు సిపాయి ఇవాన్‌ది. ఇంగ్లండు పక్కనున్న వేల్స్‌లో బొగ్గుగనుల్లో పనిచేసి వచ్చినవాడు. నాన్న మలేరియాతో పడిపోతే పక్కన కూర్చుని, నీళ్లు తాగించి, తన భాషలో ఆ పాట పాడేవాడట, నాన్నకీ నేర్పాడట.

"తర్వాత ఏమయ్యాడు నాన్నా?"

నాన్న చాలాసేపు తంటాలు పడ్డాడు. "గుండు... తగిలింది. నానే... మోసుకొచ్చాను. బతకలేదు." మెడల్స్ వైపు చూశాడు. "ఇవి... ఆడికీ ఇచ్చుంటారు. పెట్టుకోడానికి... ఆడే లేడు."

అమ్మ బతికుండగా ఆమెకి కూడా చెప్పని సంగతి అది.

స్ట్రోక్ వచ్చి మూడేళ్లయింది. ఇప్పుడు నాన్న కర్ర పట్టుకుని టీ కొట్టు దాకా వెళ్తాడు. రాజకీయాలు మాట్లాడి పోట్లాట పెట్టుకుని వస్తాడు. కుడిచేత్తో బొత్తాలు పెట్టుకోలేడు. మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉంటుంది.

మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే ఒక్కటే చెప్తాను. మాట కోసం తడుముకుంటున్నప్పుడు తొందరపడి మీరు అందించకండి. కూర్చుని ఆగండి. నాకు ఇప్పటికీ నోరు ఆగదు. అప్పుడు నాన్న అరచెయ్యి ఎత్తుతాడు.

"ఆగవే. నానే... సెప్తాను."